ఇన్‌సైడర్ కొనుగోళ్ల పేజీ: బ్యాటరీ, సోలార్ షేర్లకు ఏ మేరకు పనికొస్తుంది?

రివ్యూ చేస్తున్నది: స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్ఎస్ఈ, బీఎస్ఈల వెబ్‌సైట్లలోని ఇన్‌సైడర్ ట్రేడింగ్ వెల్లడింపుల పేజీలు
ధర: ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు
రేటింగ్: 5కి 3.5 (తాకట్టు సమాచారానికి 4.5, కొనుగోళ్ల సమాచారానికి 2.5)

బెంగళూరులో తెలుగువాళ్లు నలుగురు కలిసే చోట, అది మారతహళ్లి మెస్ అయినా మహదేవపుర ఆఫీసు క్యాంటీన్ అయినా, షేర్ల మాట వస్తే కాసేపటికి ఎవరో ఒకరు అంటారు: "ప్రమోటరే కొంటున్నాడంట, ఇంక మనకేం భయం?" ఆ "అంట" నిజమో కాదో తేల్చుకునే చోటు ఈ రెండు పేజీలే. (ప్రమోటర్ అంటే కంపెనీని తన అదుపులో ఉంచుకున్న ప్రధాన యజమాని, ఇన్‌సైడర్ అంటే ప్రమోటర్‌తో సహా కంపెనీ లోపలి మనిషి.) డబ్బులు తీసుకుని అలర్టులు పంపే ఆప్‌లు కూడా సరుకు ఇక్కడి నుంచే తెచ్చుకుంటాయి. అయితే ఎనర్జీ టెక్నాలజీ కంపెనీల విషయంలో "ఎవరు కొన్నారు" అన్న ప్రశ్నకు ఈ పేజీ ఇచ్చే జవాబు చాలాసార్లు సగమే. "ఎవరు తాకట్టు పెట్టారు" అన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబు ఇస్తుంది. రేటింగ్‌లో రెండు మార్కులు పడటానికి కారణం అదే.

పేజీ ఎక్కడుందంటే, ఎన్ఎస్ఈలో కార్పొరేట్ ఫైలింగ్స్ మెనూ కింద ఇన్‌సైడర్ ట్రేడింగ్ అని, బీఎస్ఈలో కార్పొరేట్స్ మెనూ కింద ఇన్‌సైడర్ ట్రేడింగ్ 2015 అని కనిపిస్తుంది. ఆ 2015 మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిరోధక నిబంధనల సంవత్సరం. వాటిలోని 7(2) ప్రకారం ప్రమోటర్, ప్రమోటర్ గ్రూపు సభ్యుడు, డైరెక్టర్, డెజిగ్నేటెడ్ పర్సన్ (లోపలి సమాచారం అందే అవకాశం ఉన్నవాడని కంపెనీ గుర్తించిన వ్యక్తి) అనే హోదా ఉన్న ఉద్యోగి, వీళ్లలో ఎవరైనా ఒక క్యాలెండర్ త్రైమాసికంలో 10 లక్షల రూపాయలకు మించి తమ కంపెనీ షేర్లలో లావాదేవీ చేస్తే రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి చెప్పాలి. కంపెనీ ఇంకో రెండు ట్రేడింగ్ రోజుల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఇందుకు వాడే దరఖాస్తు పేరు ఫారం సి. 2020 తర్వాత వచ్చిన సిస్టమ్ డ్రివెన్ పద్ధతిలో ఈ సమాచారం షేర్లను డీమ్యాట్‌లో భద్రపరిచే డిపాజిటరీల నుంచి నేరుగా ఎక్స్ఛేంజీకి చేరుతోంది కాబట్టి ఆలస్యం తగ్గింది. అయినా మధ్యలో శని, ఆదివారాలు, ఒక పండగ సెలవు పడ్డాయంటే లావాదేవీకీ మన కంటికీ మధ్య వారం గడిచిపోవచ్చు.

10 లక్షల గీత ఉందని మరిచిపోకండి. ఒక ఫ్యాక్టరీ మేనేజర్ త్రైమాసికానికి 9 లక్షల చొప్పున ఏడాది పొడవునా కొన్నా ఈ పేజీలో ఒక్క వరుస కూడా రాదు. ప్రమోటర్ గ్రూపు వాళ్లయితే త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో వచ్చే షేర్‌హోల్డింగ్ ప్యాట్రన్‌లో (ఎవరికి ఎంత వాటా ఉందో చెప్పే పట్టికలో) ఆ తేడా బయటపడుతుంది. మామూలు ఉద్యోగిదైతే అక్కడా పడదు.

ఇక వాడే పద్ధతి. తెర మీద చదవకండి, కాలమ్‌లు ఎక్కువ, కళ్లు తిరుగుతాయి. తేదీలు ఇచ్చి సీఎస్‌వీ ఫైలు దించుకుని ఎక్సెల్‌లో తెరవండి. ముందుగా "మోడ్ ఆఫ్ అక్విజిషన్" అనే, లావాదేవీ ఎలా జరిగిందో చెప్పే కాలమ్‌కి ఫిల్టర్ పెట్టండి. మార్కెట్ పర్చేజ్, మార్కెట్ సేల్, ఈసాప్, గిఫ్ట్, ఆఫ్ మార్కెట్ (ఎక్స్ఛేంజీ బయట జరిగేది), ఇంటర్ సే ట్రాన్స్‌ఫర్ (ప్రమోటర్ గ్రూపులోనే చేతులు మారేది), ప్రిఫరెన్షియల్ ఆఫర్ (కంపెనీ ఎంపిక చేసినవాళ్లకు నేరుగా కొత్త షేర్లు ఇచ్చేది), తాకట్టుకు సంబంధించినవి, ఇలా రకరకాలుగా ఉంటాయి. జేబులో డబ్బు తీసి బజారు ధరకు కొన్నది మార్కెట్ పర్చేజ్ ఒక్కటే. తండ్రి పేరు మీదున్న షేర్లు కొడుకు ట్రస్టుకు మారితే ఒక అమ్మకం, ఒక కొనుగోలు అని రెండు వరుసలు పడతాయి. కంపెనీలోకి గానీ మార్కెట్‌లోకి గానీ రూపాయి రాలేదు, పోలేదు. ఈసాప్ అంటే ముందే ఖరారైన ధరకు కంపెనీ షేర్లు తీసుకోవడానికి ఉద్యోగికి జీతంతో పాటు వచ్చిన హక్కు. దాన్ని "ఇన్‌సైడర్ కొన్నాడు" అనడం బోనస్ జీతాన్ని పెట్టుబడి అన్నట్టు ఉంటుంది. కొత్తగా లిస్ట్ అయిన కంపెనీల్లో ఇలాంటి వరుసలే గుట్టలుగా పడతాయి. 2024 ఆగస్టులో లిస్ట్ అయిన ఓలా ఎలక్ట్రిక్, 2025 మేలో వచ్చిన ఏథర్ ఎనర్జీ లాంటి బెంగళూరు కంపెనీలు చూసేవాళ్లు ఈసాప్‌లను మొదటే తీసేయాలి.

ఫిల్టర్ పెట్టాక కూడా ఒక భాగహారం చేయకుండా ఏ వరుసనీ నమ్మకూడదు: విలువను షేర్ల సంఖ్యతో భాగించాలి. ఊహాత్మకంగా ఒక ప్రమోటర్ వరుస చూద్దాం. ముందున్న షేర్లు 1,42,00,000. కొన్నవి 40,000. విలువ 1,86,00,000. భాగిస్తే 465 రూపాయలు. ఆ తేదీన షేరు 458కీ 471కీ మధ్య తిరిగి ఉంటే వరుస నిజమైనదే. అదే చోట విలువ 4,00,000 అని ఉంటే ధర 10 రూపాయలు తేలుతుంది. అంటే పేరు మార్కెట్ పర్చేజ్ అని పడినా అది ఈసాప్ ధర అయ్యే అవకాశం ఎక్కువ. 4 రూపాయల 65 పైసలు వస్తే ఎవరో సున్నాలు తప్పుగా కొట్టారు. తేదీ కాలమ్‌లో "నుంచి", "వరకు" అని రెండుంటాయి. ఆ రెండింటికీ మధ్య మూడు వారాలుంటే మనకు తేలేది సగటు ధర, దాన్ని ఒక్క రోజు ధరతో పోల్చకూడదు.

ఇక అసలు బరువు తూచాలి. పై వరుసలో ఆయనకు ముందే 1.42 కోట్ల షేర్లున్నాయి. 40,000 అంటే ఉన్నదానికి 0.28 శాతం చేర్పు. కోటీ ఎనభై ఆరు లక్షలు మనకు కొండంత, ఆయనకు గోరంత. అదే కంపెనీలో సీఎఫ్ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) గానీ ప్లాంట్ హెడ్ గానీ 25 లక్షలు పెట్టి కొంటే, ఆయన జీతం వార్షిక నివేదికలో ఉందేమో చూసి, అందులో ఎన్నో వంతో లెక్కేయండి. డెజిగ్నేటెడ్ పర్సన్ కొన్నాక ఆరు నెలల దాకా అమ్మకూడదన్న కాంట్రా ట్రేడ్ నిబంధన ఉంది. కాబట్టి సొంత జీతం తీసి పెట్టినవాడు ఆరు నెలలు కదలకుండా కూర్చోవడానికి ఒప్పుకున్నాడన్నమాట. నా లెక్కలో ప్రమోటర్ తన షేర్లు పెట్టుకునే ఒక హోల్డింగ్ కంపెనీ పేరు మీద పడ్డ 2 కోట్ల వరుస కంటే, ఒకే విండోలో ముగ్గురు వేరువేరు అధికారుల పేర్ల మీద పడ్డ 15 లక్షల వరుసలు ఎక్కువ బరువు.

విండో అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. ఇక్కడి ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు త్రైమాసికం చివర్లో కంప్లయన్స్ నుంచి వచ్చే మెయిల్ కొత్తేం కాదు. ప్రతి త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా డెజిగ్నేటెడ్ పర్సన్లకు ట్రేడింగ్ విండో మూతే, అంటే ఆ రోజుల్లో తమ కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. ఇప్పుడు పాన్ స్థాయిలోనే ఫ్రీజ్ చేస్తున్నారు. అందుకే విండో మూసి ఉన్న తేదీతో మార్కెట్ పర్చేజ్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది తేదీ తప్పనో, మోడ్ తప్పనో. లేకపోతే ముందే ఆమోదం పొందిన ట్రేడింగ్ ప్లాన్ కావచ్చు. మార్చి త్రైమాసికం ఫలితాలకు 60 రోజుల గడువు ఉంది కాబట్టి, మే 30న ఫలితాలు ఇచ్చే కంపెనీలో ఆ దఫా విండో తెరిచి ఉండేది జూన్ నెల ఒక్కటే.

దీనివల్ల ఒక విడ్డూరం జరుగుతుంది. లోపలివాళ్లకు మనకంటే బాగా తెలిసిన సమయంలో వాళ్లు కొనలేరు. లిథియం సెల్ ఫ్యాక్టరీలో నూటికి ఎన్ని సెల్స్ స్క్రాప్ అవుతున్నాయి, వాహన కంపెనీ పరీక్షల్లో ప్యాక్ నెగ్గిందా లేదా అన్నవి షేరు ధరను కదిలించేంత పెద్ద విషయాలైతే, బయటికి చెప్పేదాకా కొనుగోలు నిషిద్ధం. కాబట్టి విండో తెరిచాక జరిగే కొనుగోలు రహస్య సమాచారం కాదు, "ఈ ధర తక్కువే" అన్న అభిప్రాయం మాత్రమే. సిమెంట్, పెయింట్ల వ్యాపారంలో ఆ అభిప్రాయానికి విలువ ఎక్కువ, ఎందుకంటే ప్రమోటర్ ముప్పై ఏళ్లుగా ఆ చక్రం చూస్తున్నాడు. సెల్ తయారీలో ఆయనకూ కొత్తే.

ఇక్కడే బ్యాటరీ షేర్ల సంగతి విడిగా మాట్లాడాలి. దేవనహళ్లి దగ్గర ఎక్సైడ్ సెల్ ప్లాంట్ ఉంది. రెండు దశల్లో, ఏటా 12 గిగావాట్ అవర్ల నిల్వ సామర్థ్యం ఉన్న సెల్స్ తయారుచేసే ప్రణాళిక, చైనాకు చెందిన ఎస్‌వోల్ట్ టెక్నాలజీ. ఇంత దగ్గర్లో ఉంది కదా అని ఇన్‌సైడర్ పేజీలో ఎక్సైడ్ పేరు కొట్టి చూసేవాళ్లకు పెద్దగా ఏమీ దొరకదు. ప్రమోటర్ ఒక విదేశీ హోల్డింగ్ కంపెనీ, వాటా సుమారు 46 శాతం దగ్గర ఏళ్ల తరబడి కదల్లేదు. కదిలే డబ్బంతా మాతృసంస్థ నుంచి అనుబంధ సంస్థ ఎక్సైడ్ ఎనర్జీ సొల్యూషన్స్‌లోకి రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం) రూపంలో పోతుంది. అది ఇన్‌సైడర్ పేజీలో రాదు, కార్పొరేట్ అనౌన్స్‌మెంట్లలో వస్తుంది. ఈ ప్లాంట్ మీద లోపలివాళ్ల నమ్మకం ఎంతో తెలియాలంటే చూడాల్సినవి ఆ ప్రకటనలు: ఒక్కో విడత ఎంత, ఎన్ని నెలలకోసారి, ఉత్పత్తి మొదలయ్యే తేదీ వెనక్కి జరుగుతోందా.

చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చిన బెంగళూరువాళ్లకు అమర రాజా సొంతింటి షేరు లాంటిది. విమర్శిస్తే నొచ్చుకుంటారు కూడా. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 16 గిగావాట్ అవర్ల సెల్స్, 5 గిగావాట్ అవర్ల ప్యాక్‌లు అన్న ప్రణాళిక, పదేళ్లలో 9,500 కోట్లు అని ప్రకటించారు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ టెక్నాలజీకి 2024లో చైనాకు చెందిన గోషన్ గ్రూపుతో లైసెన్సు ఒప్పందం చేసుకున్నారు. 2025 జూలైలో చైనా బ్యాటరీ క్యాథోడ్ (సెల్‌లోని ధన ధ్రువం) టెక్నాలజీ ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. ఎక్సైడ్, అమర రాజా రెండూ చైనా టెక్నాలజీ మీదే ఆధారపడ్డాయి కాబట్టి, ఈ షేర్లలో ఒక డైరెక్టర్ 20 లక్షలకు కొన్నాడా లేదా అన్నదానికంటే ఆ వార్తే పెద్దది. అమర రాజాలో ఒకప్పటి భాగస్వామి క్లారియోస్ 2021లో కొంత, 2023లో మిగతాది అమ్మి పూర్తిగా బయటికి వెళ్లింది. అంత పెద్ద అమ్మకాలు వెతకాల్సింది భారీ లావాదేవీలు చూపించే బల్క్, బ్లాక్ డీల్స్ పేజీల్లో. కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించి ఒకే ఖాతాలో చేతులు మారితే బల్క్ డీల్‌గా అదే రోజు బయటికి వస్తుంది. తొలినాళ్లలో పెట్టుబడి పెట్టిన వెంచర్ ఫండ్లు వాటా అమ్మి బయటపడే ఈవీ కంపెనీల్లోనైతే ఇన్‌సైడర్ పేజీ కంటే ముందు ఇదే తెరవాలి.

చిన్న సోలార్, విండ్ కంపెనీల్లో ఎక్కువగా మోసపోయేది వారంట్ల దగ్గర. వారంటు అంటే ముందే ఖరారైన ధరకు తర్వాత షేరు తీసుకునే హక్కు. "ప్రమోటర్ 20 కోట్లు పెడుతున్నాడు" అని వార్త వస్తుంది. విప్పి చూస్తే 200 రూపాయల ధరకు 10 లక్షల వారంట్లు. ఇప్పుడు కట్టేది పావు వంతు, అంటే 5 కోట్లు. మిగతా 15 కోట్లకు 18 నెలల గడువు. ఈలోగా షేరు 400 అయితే 200కే తీసుకుంటాడు, 120కి పడితే ఆ 5 కోట్లు వదులుకుని పక్కకు తప్పుకుంటాడు. మనం 200 పెట్టి కొన్న షేరుకు ఆ తప్పుకునే దారి లేదు. ఇన్‌సైడర్ పేజీలో వారంటు షేరుగా మారిన రోజున బజారులో 400 ఉన్నా 200 చొప్పున కొన్నట్టు వరుస పడుతుంది. మోడ్ కాలమ్‌లో ప్రిఫరెన్షియల్ ఆఫర్ అని ఉంటుంది, చూడకపోయినా భాగహారం పట్టిస్తుంది. మిగతా డబ్బు కట్టకుండా వదిలేసిన వారంట్ల గురించి ఎలాంటి వరుసా రాదు. ఆ సమాచారం కంపెనీ ప్రకటనల్లో వెతుక్కోవాల్సిందే, నా దృష్టిలో కొనుగోలు కంటే అదే పెద్ద కబురు.

ఇప్పుడు 4.5 మార్కుల భాగం. ఈ పేజీలో తాకట్టు వరుసలు మూడు రకాలు: ప్లెడ్జ్, ప్లెడ్జ్ రివోక్, ప్లెడ్జ్ ఇన్వోక్. రివోక్ అంటే అప్పు తీరి షేర్లు విడుదలయ్యాయని. ఇన్వోక్ అంటే అప్పిచ్చినవాడు షేర్లు లాక్కున్నాడని. ఫోన్‌లో వేలితో జరుపుతూ చదివేటప్పుడు ఈ రెండు మాటలు ఒకేలా కనిపిస్తాయి, అర్థాలు మాత్రం ఆకాశానికీ నేలకీ ఉన్నంత దూరం. ఎనర్జీ వ్యాపారానికి తాకట్టు ఎందుకంత ముఖ్యమంటే, ఫ్యాక్టరీకి డబ్బు ముందు పోసి ఆదాయం కోసం ఏళ్లు ఆగాలి, పైగా విండ్, సోలార్ కాంట్రాక్టుల్లో డిస్కమ్‌ల (విద్యుత్ పంపిణీ సంస్థల) బకాయిలు ఒక పట్టాన రావు. కంపెనీ అప్పు బ్యాలెన్స్ షీటులో కనిపిస్తుంది. ప్రమోటర్ సొంతంగా చేసిన అప్పు అక్కడ కనిపించదు, షేర్ల తాకట్టులోనే బయటపడుతుంది. షేరు పడితే బ్యాంకు ఇంకా షేర్లు అడుగుతుంది, ఇవ్వలేకపోతే అమ్మేస్తుంది, దాంతో షేరు ఇంకా పడుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత చిన్న ఎనర్జీ షేర్లలో లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో పడగలిగే ఆఖరి హద్దు) పడ్డ రోజున అక్షరాలా అర్థమవుతుంది.

ఇక్కడ పని తేలిక. ప్లెడ్జ్ వరుసలు వరసగా నెలనెలా పెరుగుతున్నాయా అన్నది చూడాలి. పక్కనే టేకోవర్ నిబంధనలు, అంటే 2011 నాటి ఎస్ఏఎస్‌టీ పేజీలో 31వ నిబంధన కింద వచ్చే వెల్లడింపులు కూడా తెరవండి. ప్రమోటర్ వాటాలో 50 శాతం గానీ, కంపెనీ మొత్తం మూలధనంలో 20 శాతం గానీ తాకట్టు దాటితే కారణాలు రాసి ఇవ్వాలని 2019 నుంచి నిబంధన ఉంది. ఆ కారణాల కాగితం చదవండి. "వ్యక్తిగత అవసరాలు" అని ఒక్క ముక్కలో రాసినదానికీ, ఏ రుణదాతకు, ఎంత అప్పుకు, ఎందుకోసం అని వివరంగా రాసినదానికీ తేడా చూస్తేనే తెలుస్తుంది. ఒకే మనిషి పేరు మీద మార్కెట్ పర్చేజ్, ప్లెడ్జ్ రెండూ కొద్ది వారాల తేడాలో కనిపిస్తే, కొన్నది అప్పు డబ్బుతో అయ్యుండొచ్చు. ఆ కొనుగోలును లెక్కలోంచి తీసేయడమే మంచిది.

సాంకేతిక చిక్కులు కొన్ని. ఒకే లావాదేవీ రెండు ఎక్స్ఛేంజీల్లోనూ ఉంటుంది, రెండు ఫైళ్లు కలిపితే కొనుగోలు రెట్టింపు అవుతుంది. పేరు, తేదీ, షేర్ల సంఖ్య మూడూ ఒకటైతే ఒకటి తీసేయండి. స్క్రిప్టు రాసి డేటా లాగే ఐటీ మిత్రులకు ఒక మాట: అమర రాజా ఎన్ఎస్ఈ సింబల్ ఏఆర్ఈ&ఎం. మధ్యలోని & గుర్తును లింకులో అలాగే పెడితే అక్కడితో పేరు తెగిపోతుంది, %26 అని రాయాలి. కంపెనీ పేరు మారినప్పుడు ఎన్ఎస్ఈ సింబల్ కూడా మారొచ్చు. అమర రాజా బ్యాటరీస్ 2023లో అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది, హెచ్‌బీఎల్ పవర్ ఇప్పుడు హెచ్‌బీఎల్ ఇంజినీరింగ్. బీఎస్ఈ కోడ్ అంకెలే కాబట్టి పేరు మారినా మారదు: అమర రాజాకు 500008, ఎక్సైడ్‌కు 500086. పాత చరిత్ర కావాలంటే బీఎస్ఈ సులువు, తాజా వరుసలకు ఎన్ఎస్ఈ హాయి.

డబ్బులు తీసుకుని "ఇన్‌సైడర్ బయింగ్" అలర్టులు పంపే ఆప్‌లు కొనాలా? కొనే ముందు ఒకటే పరీక్ష: ఈసాప్, గిఫ్ట్, ఇంటర్ సే, ప్రిఫరెన్షియల్ వరుసలను విడదీసి చూపిస్తుందా? అన్నింటినీ పచ్చ రంగు బాణం కిందే చూపించేదైతే ఉచితంగా ఇచ్చినా వద్దు. విడదీసి, భాగహారం చేసి, ముందున్న వాటాతో శాతం కూడా చూపించేదైతే నెలకు రెండు కాఫీల ఖర్చు పెట్టొచ్చు, అంతకు మించి అక్కర్లేదు.

అమెరికా కంపెనీల ఆర్ఎస్‌యూలు (జీతంలో భాగంగా ఇచ్చే షేర్లు) ఉన్నవాళ్లు ఫస్ట్ సోలార్, ఎన్‌ఫేజ్, బ్లూమ్ ఎనర్జీ లాంటివి కూడా చూస్తుంటారు. అక్కడ ఇన్‌సైడర్ లావాదేవీలు వెల్లడించే ఫారం 4తో పోలిస్తే మనది రెండు మెట్లు కిందే. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ నడిపే ఎడ్గర్ సైట్లో లావాదేవీ జరిగిన రెండు పనిదినాల్లో వస్తుంది, ప్రతి వరుసకూ ఒక్క అక్షరం కోడ్ ఉంటుంది: బజారులో కొంటే పి, అమ్మితే ఎస్, పన్ను కోసం కంపెనీ మినహాయించుకుంటే ఎఫ్, ఆప్షన్ వాడుకుంటే ఎం. ధర విడిగా రాసి ఉంటుంది, మన భాగహారం అవసరం లేదు. ముందే వేసుకున్న ప్లాన్ ప్రకారం జరిగిందా అన్నదానికి 2023 ఏప్రిల్ నుంచి టిక్ పెట్టే గడి కూడా వచ్చింది. అన్నిటికంటే విలువైనవి ఫుట్‌నోట్లు. మన పేజీలో రిమార్క్ కాలమ్ అనేది ఉంది గానీ చాలా వరుసల్లో ఒక చిన్న గీతే ఉంటుంది.

ఎప్పుడు తెరవాలన్నది చివరి మాట. రోజూ చూడటం దండగ. ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి 31 దాకా వారానికోసారి చూడండి. డిసెంబరు ఫలితాలు వచ్చి విండో తెరుచుకునేది అప్పుడే, పైగా 25 శాతానికి పైన వాటా ఉన్న ప్రమోటర్లు ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల షేర్లు కూడా కొంటామని బహిరంగంగా ప్రతిపాదించడం) లేకుండా ఏడాదికి 5 శాతం దాకా పెంచుకునే వెసులుబాటు ఆర్థిక సంవత్సరంతో పాటు ముగిసేదీ అప్పుడే. తర్వాత జూన్, ఆ తర్వాత ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా, నవంబరు మధ్య నుంచి డిసెంబరు చివరిదాకా. ప్లెడ్జ్ ఫిల్టర్‌కు మాత్రం ఈ క్యాలెండర్ వర్తించదు, అది షేరు బాగా పడిన ప్రతి వారం తర్వాత వచ్చే శనివారం తెరవాల్సిందే.